దానంతటదే నడుస్తుందట

“భోజనాల బల్ల మీద ఈ పెట్టె ఎందుకమ్మాయ్, తుడవడానికి అడ్డం” అంటూ అత్తయ్య నా ల్యాప్‌టాప్ మూత మూసి పక్కన పెట్టారు. నేను వంటింట్లో కుక్కర్ దించుతున్నాను. రెండు నిమిషాల్లో ఆఫీసు నుంచి ఫోన్. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల వెబ్‌సైట్ ఆగిపోయిందట. తడి చేత్తోనే మూత తెరిచి, సర్వర్‌లోకి వెళ్లి మళ్లీ నడిపించాను. అత్తయ్య బిక్కమొహం వేసి “నేనేం చేశానే?” అన్నారు. పాపం, ఆవిడ తప్పేమీ లేదు.

తప్పు ఎనిమిది నెలల కిందటిది. ఆ సైట్ రాసింది నేనే. మొదటిరోజు హడావుడిలో దాన్ని నా ల్యాప్‌టాప్‌లో తెరిచిన లాగిన్ విండోలోంచే మొదలుపెట్టాను. ఆ విండో మూసుకుపోతే సైట్ కూడా పడుకుంటుంది. ఎవరి విండోతోనూ పనిలేకుండా సర్వర్‌లోనే, తెరవెనుక నడిచేలా పెట్టడం గంట పని. మా మేనేజర్ని అడిగితే “నడుస్తోంది కదా, కదపకు” అన్నాడు. అప్పటినుంచి నేను ఈ మూత వెయ్యలేదు. ఇంట్లో కరెంటు పోయి, నెట్ తెగి సైట్ ఆగిందని పాప స్కూల్లో మీటింగు మధ్యలోంచి పరిగెత్తుకొచ్చాను, రెండుసార్లు.

నిజం చెప్పొద్దూ, మేనేజర్ వద్దన్నాడన్నది సగం సాకే. అది ఆగినప్పుడల్లా “మేడమ్, మీరు చూస్తే తప్ప లాభం లేదు” అని ఆఫీసు నుంచి కంగారుగా ఒక గొంతు పిలుస్తుంది. రోజంతట్లో నన్ను అంత అపురూపంగా పిలిచేది అదొక్కటే. ఆ పిలుపుకి కక్కుర్తిపడ్డాను. ఇంట్లోనూ అంతే. ఎవరి తువ్వాలు ఎక్కడుందో, ఎవరి మందులు ఎప్పుడు అయిపోతాయో నాకొక్కదానికే తెలియడం గొప్పనుకున్నాను. మొన్న స్నేహితుడొస్తే మా ఆయన “మా ఇంట్లో ఏ గొడవా ఉండదురా, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి” అన్నారు. అప్పుడు నేను ఆ పక్కనే నిలబడి ఆ స్నేహితుడికి కాఫీ ఇస్తున్నాను.

ఈమధ్యే ఆఫీసులో పెద్ద సర్వర్ల మీద శిక్షణకి నన్ను ఎంపిక చేశారు. వేరే ఊళ్లో, పది రోజులు. అది పూర్తిచేసినవాళ్లకే టీమ్ లీడ్ ఉద్యోగం. నిన్న మీటింగులో డైరెక్టర్ నా పనేమిటని అడిగితే మేనేజరే అందుకుని “పెద్దగా ఏం లేదు సార్, ఆ సైట్ దానంతటదే నడుస్తుంది” అన్నాడు. పది నిమిషాల తర్వాత వరండాలో నన్ను ఆపి “శిక్షణకి వేరేవాళ్లని పంపుతున్నా. నువ్వెళ్తే సైట్ ఎవరు చూస్తారు?” అన్నాడు. రెండు మాటలూ ఒకే నోటితో. ఒళ్లు మండిపోయింది. అయినా తలూపి వచ్చేశాను, అదీ నా అలవాటే.

ఇవాళ సైట్ లేచాక నేను వంటింట్లోకి వెళ్లలేదు. తుడిచిన బల్ల దగ్గరే కూర్చున్నాను. సర్వర్ ఆగి మళ్లీ మొదలైనా సైట్ తనే లేచేలా, మధ్యలో కూలబడితే తనే నిలబడేలా సర్వర్‌లో నాలుగు వరసల కోడ్ రాసి పెట్టాను. తర్వాత నా విండో నేనే మూసేశాను. ఫోన్‌లో సైట్ తెరిస్తే శుభ్రంగా తెరుచుకుంది. పరీక్షకని ఒక అపాయింట్‌మెంట్ తీసుకుని, రద్దు చేశాను. అదీ జరిగింది.

మేనేజర్‌కి మెయిల్ రాసి, డైరెక్టర్‌కీ పంపాను. “ఇకపై ఈ సైట్ నడవడానికి నేను కాపలా ఉండనక్కర్లేదు. ఎనిమిది నెలలు ఉన్నాను. అది ఆగిన ముప్ఫై ఏడు సార్లూ, నేను లేపిన వేళలూ జతచేశాను. సోమవారం నేనే శిక్షణకి వెళ్తున్నాను.”

మా ఆయన వచ్చి కుర్చీ లాక్కుని “ఇంకా వడ్డించలేదేం?” అన్నారు. విషయం చెప్పాను.

“పది రోజులా? మరి ఇల్లు?”

“సైట్‌కి చేసిన ఏర్పాటు ఇంటికి కుదరదండీ. ఇంటికి మనిషి ఉండాల్సిందే. ఈ పది రోజులూ ఆ మనిషి మీరు.”