జనవరి ఆఖర్లో క్రిస్మస్

జనవరి ఆఖరి ఆదివారం క్రిస్మస్ చేసుకున్న కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. అది మా మామ శాంతయ్య పట్టిన పట్టు. డిసెంబరు ఇరవైన ఆళ్లగడ్డలో, పెద్దకొడుకు సామ్యేలు బావ ఇంట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నంద్యాలలో ఆపరేషనైంది. ఆసుపత్రి మంచం మీద నుంచే తీర్పు చెప్పేశాడు: తాను ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చునేదాకా ఇద్దరు కొడుకుల ఇళ్లలోనూ పండగ లేదు. నక్షత్రం కట్టకూడదు, కొత్తబట్టలు వేయకూడదు, కేకు కోయకూడదు. ముప్పై ఏళ్లు సండే స్కూలు నడిపిన మనిషి, ఆయనకు ఎదురెవరు చెబుతారు? అందరికంటే ముందు తలూపింది సామ్యేలు బావే.

మేముండేది నంద్యాల కాబట్టి చాకిరీ నా నెత్తిన పడింది. ఆసుపత్రిలో కొన్నాళ్లు, మా ఇంట్లో కొన్నాళ్లు, మొత్తం ఐదు వారాలు ఒళ్లు తుడిచాను, బెడ్‌పాన్ ఎత్తాను. దానికి నాకు బాధ లేదు, ఆయన మంచివాడు. నా కడుపు మండింది పిల్లల కోసం. వీధిలో అందరి గుమ్మాలకూ నక్షత్రాలు వెలుగుతుంటే మాది చీకటి. తొమ్మిదేళ్ల కీర్తన పండగనాడు పాత గౌను వేసుకుని చర్చికి వచ్చింది. స్నేహితురాళ్లు అడిగితే మా క్రిస్మస్ ఇంకా రాలేదని చెప్పిందట. ఐదేళ్ల అభిషేక్ అయితే రోజూ పొద్దున లేవగానే ఇవాళేనా అని అడిగేవాడు.

చివరికి ఆ రోజు వచ్చింది. మామను ముందురోజే మా ఆయన కారులో ఆళ్లగడ్డకు తీసుకుపోయి అక్కడే ఉండిపోయాడు. నేను పిల్లలకు కొత్తబట్టలు తొడిగి ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. రాతి బొమ్మలు చెక్కే షెడ్ల దగ్గర దిగి ఇంటికి నడిచేలోపు అభిషేక్ బూట్లు దుమ్ము కొట్టుకుపోయాయి. నాలుగడుగులకోసారి ఆగి తుడుచుకున్నాడు, పిచ్చి సన్నాసి.

వంటింట్లో మా తోడికోడలు వాణి ఫ్రిజ్‌లోంచి కేకు తీస్తోంది. మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. క్రీము పసుపు రంగుకు తిరిగింది, అంచుల్లో బూడిదరంగు బూజు. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను. ఆ మహాతల్లి మాత్రం తొణకలేదు, చాకుతో బూజు గీకుతోంది. ఎప్పటిదక్కా ఇది అని అడిగాను. ఆమె నోరు విప్పేలోపు పక్కనున్న వాళ్ల కూతురు, మా కీర్తనతో చెప్పేసింది. "పండగపొద్దు రెండు కేకులు తెచ్చినాం గదా. మా చర్చోళ్లంతా వచ్చి బిర్యానీ తిన్న్యారు. ఇదొకటి మిగిల్న్యాది."

కీర్తన నా మొహంలోకి చూసింది.

ఛీ, ఏం మనుషులు! పండగనాడు తండ్రిని చూడటానికి రమ్మంటే చర్చి పనులని ఫోన్ పెట్టేసిన పెద్దమనిషి ఇంట్లో విందు పెట్టుకున్నాడన్నమాట. మిగిలిన కేకు మా పిల్లల మొహాన. వాణి చాకు కింద పెట్టకుండానే అంది. "మామకు చెప్పొద్దు దెబోరా. సంతోషంగా ఉండాడు, ఈ వయసులో తట్టుకోలేడు."

కేకును అట్టపెట్టెతో సహా చెత్తబుట్టలో పడేశాను. ఇంకోటి తెప్పించమన్నాను. అంతవరకే నా పౌరుషం. కీర్తనను పెరట్లోకి తీసుకుపోయి, ఇప్పుడు విన్నది నువ్వు వినలేదని చెప్పాను. ఎందుకని అడిగింది. జబ్బ మీద గట్టిగా గిల్లాను. కళ్లల్లో నీళ్లు తిరిగినా ఏడవలేదు.

కొత్త కేకు వచ్చింది. మామ బల్ల ముందు కుర్చీలో రాజులా కూర్చున్నాడు. ఆ ఇంట్లో పండగ ప్రార్థన పిల్లలే చేయాలి. కంఠస్థం చేసింది ఒప్పుకోడు, మనసులో ఉన్నదే దేవుడికి చెప్పాలంటాడు. ఆ రోజు కీర్తనను పిలిచాడు.

అది నావైపు ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. "యేసయ్యా, జేజినాయన కోసం మేమంతా పండగ చేసుకోకుండా ఆగినాం. పెద్దనాయనోళ్లు కూడా ఆగినారు. వాళ్లు నక్షత్రం గూడా కట్టలేదు. మా అందరికీ ఒకే మనసు ఇచ్చినందుకు వందనాలు."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సామ్యేలు బావ. సిగ్గూ శరమూ లేని గొంతు. మామ వెక్కి వెక్కి ఏడుస్తూ కీర్తన తల మీద చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ నోట్లో అబద్ధం రాదు" అని అందరికీ చెప్పుకున్నాడు.

నక్షత్రం మాట నేను నేర్పలేదు. కీర్తనే సొంతంగా కల్పించుకుంది.

నా పక్కకొచ్చి కూర్చుని, చెవిలో అడిగింది. "బాగా చెప్పినానా మా?"

నా మీద నాకే రోత పుట్టింది. అయినా బాగా చెప్పినావనే అన్నాను.