ఎవరి జ్వరానికి వాళ్ల పాట

యేసురత్నం కడిగిన సీసాలను ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూస్తున్నాడు. రోగులు ఇళ్ల నుంచి తెచ్చుకున్న సీసాలవి. ఒకదానికి ఆముదం జిడ్డు, ఇంకోదానికి అత్తరు వాసన. ఇసుక, వేడినీళ్లు పోసి గిలకొట్టి, మూతి దగ్గర ముక్కు పెట్టి చూసి, నమ్మకం కుదిరితేనే పక్కన పెడతాడు. తర్వాత కాగితం పట్టీ మడిచి, మోతాదుకో గాటు చొప్పున కత్తెరతో కోసి, గంజితో సీసాకు అంటిస్తాడు. చదువు రానివాళ్లు ఆ గాట్లు చూసుకుని మందు తాగుతారు.

సన్నటి మనిషి. వేళ్ల కొసలు మందులకు పసుపుబారి ఉంటాయి. ఎడమ కనురెప్ప పుట్టుకతోనే కాస్త వాలి ఉండటంతో ఎప్పుడూ కన్ను కొడుతున్నట్టే కనిపిస్తాడు. పెద్దవాళ్లకు మొదట అది వింతగా ఉంటుంది. పిల్లలకు మాత్రం, వీడు మనవాడే అనిపిస్తుంది.

పంజాగుట్టలో బాట పక్క పెంకుటింట్లో ఉన్న ఆ దవాఖానాకు అతను జుట్టు నల్లగా ఉన్నప్పుడు కాంపౌండరుగా వచ్చాడు. ఇప్పుడు మీసం కూడా తెల్లబడింది. అది పంతొమ్మిది వందల నలభై రెండు. ఆ ఏడు వానలు దండిగా కురిశాయి. కుంటలు నిండాయి, దోమలు ముసిరాయి. అమీర్‌పేట నుంచి ఎర్రమంజిల్ దాకా ఇంటికొకరు దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు. పొద్దున్నే దవాఖానా అరుగు మీద పిల్లల ఏడుపులు మొదలయ్యేవి. క్వినైన్ మందు చేదు అలాంటిది.

రాళ్లు కొట్టే బుచ్చయ్య కొడుకు సాయిలు ముందుకొచ్చాడు. యేసురత్నం గ్లాసులో మందు పోస్తూ, వాడివైపు చూడకుండానే అన్నాడు.

“జ్వరమా జ్వరమా ఎందాక?”

సాయిలు ముక్కు తుడుచుకుని ఆలోచించాడు. “బేగంపేట ఇమానం దాక!”

“ఎక్కి ఎగిరి పోయినాక?”

“మళ్లొస్తే వేస్త పెద్ద కేక!”

“శాబాష్!” అని గ్లాసు చేతికిచ్చాడు. సాయిలు కళ్లు మూసుకుని గటగటా తాగేశాడు. బెల్లం ముక్క నోట్లో పడింది. వెనకనున్న పిల్ల, “తాతా, నాకు సుత గదే పాట చెప్పు” అంది.

“అది సాయిలు పాట బిడ్డా. నీది నువ్వు కట్టుకో. ఎవరి జ్వరానికి వాళ్ల పాటే పనిచేస్తది.”

ఈ సగం పాటల అలవాటు అతనికి చిన్నప్పుడు అబ్బింది. తల్లీదండ్రీ కరువులో పోతే మెదక్ వైపు క్రైస్తవ మిషను వాళ్లు చేరదీశారు. అక్కడ అన్నీ కంఠతా పట్టించేవాళ్లే. నీకేం తోస్తోందని అడిగినవాళ్లు లేరు. ఒకసారి జ్వరంతో పడుకుని ఉంటే, నీళ్లు మోసే ముసలమ్మ ఒకామె తడిగుడ్డ నుదుట వేసి, ఒక పాట సగం పాడి, “మిగిలింది నువ్వు జెప్పు, మళ్లొస్త” అని వెళ్లిపోయింది. ఆ మిగిలిన సగం వెతుక్కుంటూ పిల్లవాడు వణుకు మరిచిపోయాడు. ఆమె పేరు అతనికి ఇప్పటికీ తెలియదు.

ఎండెక్కే వేళకు బద్రున్నీసా కూతురిని చంకనేసుకుని వచ్చింది. ఆమె భర్త సోమాజిగూడలో ఒక బంగ్లా తోటమాలి. పిల్ల ఇక్బాల్ బేగం పెదవులు ఎండి చిట్లాయి, పళ్లు గట్టిగా బిగపట్టుకుంది.

“మందు జూస్తే నక్కో నక్కో అంటది సాబ్. పట్టి పోస్తే కక్కుతది. రాత్రి ఒళ్లు పెనం లెక్క కాలి, కండ్లు మీదికి పోయినయి. నా పానం పోయింది.”

డాక్టరు రాజనర్సయ్య పిల్ల పొట్ట నొక్కి, కనురెప్పలు లాగి చూశాడు. యేసురత్నాన్ని పక్కకు పిలిచి, “ఈ పూట మందు కడుపుల పడాలె. మళ్ల గట్లొస్తే పిల్ల ఆగదు” అన్నాడు.

యేసురత్నం పిల్ల ముందు నేల మీద చతికిలబడ్డాడు. గ్లాసు ఇద్దరి మధ్యా పెట్టాడు. బలవంతం చేయలేదు. చాలాసేపు గ్లాసునే చూస్తూ కూర్చుని, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

“చేదు చేదు సీసా మందు...”

పిల్ల పళ్లు ఇంకా బిగించింది. మళ్లీ అన్నాడు. తల్లి ఏదో చెప్పబోతే చేత్తో వారించాడు. మూడోసారి అనేసరికి పిల్ల కళ్లలో కోపం మెరిసింది. బిగపట్టిన పళ్లు విడిపోయాయి.

“నాకెందుకు? నువ్వే తాగు ముందు!”

అరుగంతా గొల్లున నవ్వింది. ఇంత చక్కగా కుదిరిన జవాబు యేసురత్నానికి ఎన్నాళ్లకో దొరికింది. “హుకుం అయింది, తప్పదు” అని సీసా అందుకుని, మూతనిండా వంచుకుని తాగాడు. మొహమంతా ముడుచుకుపోయింది, వాలిన కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇక్బాల్ పకపకా నవ్వింది. ఆ నవ్వు మీదే గ్లాసు ఎత్తి తాగేసింది. కక్కలేదు. బద్రున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

లేవబోయి యేసురత్నం గోడ పట్టుకున్నాడు. డాక్టరు చూశాడు. స్టెతస్కోపు అతని ఛాతీకి ఆనించి చాలాసేపు విన్నాడు.

“నీ గుండె సరిగ కొట్టుకుంటలేదు యేసురత్నం. ఇంటికి పోయి పండుకో.”

“జ్వరాల కాలం పోనియ్యి సాబ్.”

“ఇప్పుడే పో. సీసాలు నేను నింపుకుంట.”

అమీర్‌పేటలో అతని ఇల్లు ఒక్క గది, ముందొక వసారా. భార్య కృపామణి మిషను బడి పిల్లలకు లంగాలు, జాకెట్లు కుడుతుంది. ఆ దంపతులకు పిల్లలు లేరు. పెళ్లయినప్పటి నుంచి అతను ఇంట్లో కూడా సగం మాటలు విసురుతూనే ఉన్నాడు. “ఆ పిచ్చి మాటలు నాకు రావు” అని ఆమె ఎప్పుడూ దాటేస్తూనే ఉంది.

వేళ కాని వేళ వచ్చిన మొగుణ్ని చూసి ఆమె కుట్టుపని పక్కన పెట్టింది. మొహం చూస్తే ఒంట్లో బాగాలేదని తెలిసింది. పీట వేసి అన్నం పెట్టింది. అతను ఒక ముద్ద తిని, అలవాటుగా అన్నాడు.

“పుల్లపుల్లటి పచ్చిపులుసు...”

కృపామణి గరిటె పట్టుకుని నిలబడింది. పెదవి చివర ఏదో కదిలింది.

“మెచ్చుకోవు నువ్వు, నాకు తెలుసు!”

అతను చెయ్యి విస్తట్లోనే ఉంచి తలెత్తాడు. ఆమె సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది.

“ఇన్నేండ్లు దాచిపెట్టినవా?”

“దాచుడేంది? నువ్వు పొద్దంత అవే అంటుంటివి. ఇద్దరం గట్లనే ఉంటె ఇల్లు నడుస్తదా?”

అతను నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఇంకొంచెం పులుసు పోయించుకుని, బాగుంది బాగుంది అంటూ తిని, వసారాలో మంచం మీద ఒరిగాడు. ఆమె గిన్నెలు తోముతూ ఆ పాటకు తర్వాతి చరణం కూడా కట్టింది. చెబుదామని చేతులు తుడుచుకుని వచ్చేసరికి అతను పక్కకు తిరిగి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటిదాకా తీయలేదు.

యేసురత్నం సమాధి దగ్గరికి దవాఖానా పిల్లలు చాలామంది వచ్చారు. బద్రున్నీసా మొగుడితో వచ్చి దూరంగా నిలబడింది.

జ్వరాల కాలం ఆగలేదు. వారం తిరక్కముందే కొత్త కాంపౌండరు వచ్చాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. రెండో సీసా కోసం వచ్చిన ఇక్బాల్ అరుగు మీద తనంతట తానే నడిచి కూర్చుంది. పక్కన ఒక బుడతడు మందు వద్దని చీమిడి కారుస్తూ ఏడుస్తున్నాడు. ఆ పిల్ల కాసేపు చూసింది.

“ఏడ్చి ఏడ్చి ఎర్ర ముక్కు...”

వాడు ఏడుపాపి, ఉక్రోషంగా చూశాడు.

“నా ముక్కు మీద నీకేం హక్కు!”

కొత్త కాంపౌండరు మందు వంచబోయి ఆగి, నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాడు. లోపల తలుపు వెనక మేకుకు, ఆఖరి రోజు ఎండ కాయడంతో యేసురత్నం మరిచి వెళ్లిన నల్లగొడుగు వేలాడుతోంది. చిరిగిన చోట కృపామణి ఎర్ర జాకెట్టు ముక్కతో వేసిన అతుకు మీద కుట్లు చిన్నచిన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి.