కొత్తమనిషి ప్రశ్న

పిన్ని టైలరింగ్ షాపు కంప్యూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్ పీకేసి లినక్స్ ఎక్కించింది అతనే. “డౌటొస్తే మా లినక్స్ గ్రూపులో అడుగు పిన్నీ, నా బుర్ర తినకు” అని చెప్పిందీ అతనే.

ఆ గ్రూపులో అతను మారుపేరుతో చెలామణీ అయ్యే పెద్ద గురువు. మర్నాడు ‘కొత్తమనిషి’ అనే పేరుతో ఎవరో ప్రింటర్ పనిచేయడం లేదని రాస్తే అతనికి ఒళ్లు మండింది. “ముందు మాన్యువల్ చదివి ఏడవండి” అని జవాబు పడేశాడు. నలుగురు నవ్వుబొమ్మలు పెట్టారు.

సాయంత్రం పిన్ని ఫోన్ పట్టుకొచ్చింది. తెరమీద అతని జవాబే ఉంది.

“మాన్యువల్ అంటే ఏంట్రా? ఈ పెద్దమనిషిని బాగా విసిగించినట్టున్నాను. నీకు తెలిసినాయనేగా, నా తరఫున సారీ చెప్పు.”

“చెప్తాలే” అన్నాడతను, ఆమె మొహం చూడలేక.