అడ్మినిస్ట్రేటర్ చాటింపు

గడ్డిమంట మీద డప్పును తిప్పుతూ ముత్తయ్య వేళ్లతో తోలును తట్టి చూశాడు. ఇంకా బిగియలేదు. కోదాడ కచ్చేరి వాకిట్లో ఎండ నెత్తిమీదికి వస్తోంది. ఈ చాటింపు ఒక్కటి ముగించి, వారం నుంచి జ్వరంతో మూలుగుతున్న భార్య దేవమ్మను సూర్యాపేట దవాఖానకు బస్సెక్కించాలని అతని తొందర.

మిలిట్రీ వచ్చి నిజాం పాలన పోయింది. రేపు కొత్త అధికారి ఊరికి వస్తున్నాడు. ఆయన హోదాను ఇంగ్లీషులోనే చాటాలని, బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా సత్యనారాయణ పట్టుబట్టాడు.

“అడ్. మిన్. ఇ. స్ట్రే. టర్. అయిదు ముక్కలు. బరువు రెండోదాని మీద పడాలి. అనరా!”

ముత్తయ్య అన్నాడు. బరువు మొదటి ముక్క మీదే పడింది. పడక చస్తుందా? ఇళ్లలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడి బయటికి రావాలంటే తొలిదెబ్బే గట్టిగా వేయాలని తండ్రి నేర్పాడు. చెయ్యి ఎట్లా లేస్తే నోరూ అట్లాగే లేస్తుంది. జప్తులు, లెవీ ధాన్యం, కలరా సూదులు, అన్నీ ఊరు ఆ నోటితోనే విన్నది. ఏ తహసీల్దారూ వంక పెట్టలేదు.

“మళ్లీ! రేపు దొరగారు వింటే నా పరువేం కావాలి?”

“దొరా, ఇంట్ల ఆమెకు పానం బాగలేదు. బస్సు పోతది. జర ఇడువుండ్రి.”

“సరిగ్గా అను, పంపిస్తా.”

ముత్తయ్య అన్నాడు. మళ్లీ మళ్లీ అన్నాడు. నాలుక పిడచగట్టింది. ఇంతలో హారన్ కొడుతూ, దుమ్ము లేపుకుంటూ బస్సు సూర్యాపేట వైపు వెళ్లిపోయింది. ముత్తయ్యకు ఒళ్లు మండిపోయింది.

“గా ముక్క మీద బరువు పడకుంటే మీ సర్కారు కూలుతదా? వెట్టి పోయిందన్నరు. గిదేంది మరి?”

“నోరు లేస్తోందే! ఇనాం చెలక వద్దా నీకు?” అన్నాడు గుమాస్తా, కుర్చీలోంచి కదలకుండానే.

డప్పు కొలువుకు ఇచ్చిన ఆ కాస్త మెట్టభూమి పోతే ఇద్దరికీ గంజి కూడా ఉండదు. పళ్లు కొరుక్కుంటూ ముత్తయ్య డప్పు ఎత్తాడు. తొలిదెబ్బను మింగేసి, రెండోది ఆ గుమాస్తా వీపు మీద వేస్తున్నట్టు వేశాడు. మాట కూడా అట్లాగే పలికింది.

“అదీ! ఇక ఊరంతా చాటు,” అని సత్యనారాయణ మురిసిపోయాడు.

ఊరంతా తిరిగాడు. వచ్చేదెవరో ఒక్కరికీ అర్థం కాలేదు. పొద్దు వాలేవేళ తన వాడకు చేరేసరికి గుడిసె ముందు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. డప్పు విని ఎవరూ తల తిప్పలేదు.

“ఉతికిన చీర కట్టుకొని నీ కోసం ఎదురుసూసుకుంట కూసున్నది, అన్నా,” అన్నది పక్కింటి సైదమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “బస్సు సప్పుడు ఇని లేవబోయింది. గట్లనే ఒరిగింది.”

ముత్తయ్యకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఆ పాడుమాటను నోట్లోంచి వదిలించుకోవాలని పదేపదే ఉమ్మాడు. గడప పక్కన, దవాఖానలో మందు పోయించుకోవడానికి దేవమ్మ శుభ్రంగా కడిగి, గుడ్డపీలికతో బిరడా చుట్టిపెట్టుకున్న ఖాళీ సీసా ఉంది.