అది అనే మాట

తలుపు ఆడది. కుర్చీ మగవాడు. కిటికీ రెండూ కాదు. ఈ సంగతులన్నీ నాకు ముప్పయ్యో ఏట తెలిశాయి.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. జర్మన్ మాట్లాడే చోట ఆయనకి ఉద్యోగం వచ్చింది. వెంట వెళ్ళాలంటే నేనూ ఆ భాషలో మొదటి పరీక్ష గట్టెక్కాలి. నేను కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములకి అద్దాలు బిగించి ఇంటికొచ్చాక, వంటింటి బల్ల దగ్గర ఆయన నాకు పాఠం చెబుతారు. మగ పదానికి ముందు డేర్, ఆడ పదానికి డీ, మూడోదానికి డాస్. ఏది ఎందుకు అలా అయిందని అడగకూడదు. బట్టీ పట్టాలి.

ఒకనాడు మా ఆడపడుచు వచ్చి కాసేపు విన్నది.

"బల్ల మగాడా వదినా?"

"అవును."

"అందుకే కాబోలు, నాలుగు కాళ్ళున్నా ఉన్నచోటు నుంచి కదలడు. అన్నీ ఎవరో తెచ్చి ముందు పెట్టాలి."

"నువ్వు కాస్త నోరు మూస్తే మీ వదిన పాసవుతుంది," అన్నారాయన.

"దీపం ఆడదట కదన్నయ్యా? నోరు మూస్తా గానీ ఆర్పకండి."

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వి చాలా కాలమైంది. ఆ నవ్వు చూసి సంతోషించాల్సింది పోయి ఒళ్ళు మండింది. ఈ మనిషి అన్నీ మరిచిపోగలడు అనిపించింది.

ఆడపడుచు వెళ్ళాక ఆయన అన్నారు: "చూశావా, మనకి ఈ గొడవే లేదు. మగాడైతే వచ్చాడు. మిగతాదంతా వచ్చింది. పిల్ల వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. హాయి."

హాయి అన్నారు. నేను గిన్నెలు కడగడానికి లేచాను.

పోయినేడు నేను కడుపుతో ఉన్నాను, ఆరో నెలలోనే నొప్పులొచ్చాయి. మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఆయనొక్కరే ఉన్నారు. నర్సు గుడ్డలో చుట్టి చేతికిస్తే చూసిందీ, తీసుకెళ్ళి అన్నీ చేసి వచ్చిందీ ఆయనే. నన్ను చూసి ఒకే మాట అన్నారు. "అది పోయింది." ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

మగపిల్లవాడై ఉంటే 'వాడు పోయాడు' అనేవారు. అలా అనలేదు కాబట్టి ఆడపిల్ల అయి ఉండాలి. లేదా ఆయన చేతుల్లోకి వచ్చింది ఆయనకి అసలు పిల్లలా కనిపించి ఉండదు. కడుపు పోయింది, కరెంటు పోయింది, పర్సు పోయింది అంటాం కదా, ఆ 'పోయింది'. రెండింటికీ మాట ఒకటే. ఆయన గొంతులో నేనేమీ పట్టుకోలేకపోయాను. నోరు తెరిచి అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. కానీ 'అక్కడేముంది, ముద్ద' అంటే? ఆ మాట విన్నాక ఈ మనిషి పక్కన పడుకోగలనా? తెలియకపోతే కనీసం సగం పిల్ల నాకు మిగులుతుంది.

ఇప్పుడీ కొత్త భాష వచ్చింది. ఇందులో తప్పించుకోవడానికి వీల్లేదు. ఆడదైతే డీ అనాలి, రెండూ కాకపోతే డాస్ అనాలి. పుస్తకంలో కుటుంబం అన్న పాఠం రాగానే ఆయన పేజీలు తిప్పేశారు. "ఇది తేలికే, తర్వాత చూద్దాం," అన్నారు. పరీక్ష వారంలోకి వచ్చింది. ఆ పాఠం అలాగే ఉండిపోయింది.

ఒక సాయంత్రం ఆయన వస్తువులు చూపిస్తుంటే నేను చెబుతున్నాను.

"చెంచా?"

"డేర్."

"కత్తి?"

"డీ."

"డాస్. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"మాస్టారూ, ఈసారి నేను అడుగుతాను. మీరు చెప్పండి."

"అడుగు."

"ఆసుపత్రిలో మీ చేతికిచ్చారే. దానికేమిటి?"

ఆయన చేతిలోని కత్తి బల్ల మీద పెట్టారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు.

"డాస్," అన్నారు.

ఇన్నాళ్ళూ భయపడింది ఇందుకే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

"మొత్తం చెప్పనీ. డాస్ మేడ్‌శెన్."

"అంటే?"

"ఆడపిల్ల."

"ఆడదానికి డీ కదా?"

"అమ్మకి డీ. అక్కకి డీ. మేడ్‌శెన్‌కి మాత్రం డాస్. చివర శెన్ అని ఉంది చూడు, చిన్నది అనడానికి తగిలించే తోక అది. ఆ తోక ఉంటే ఎవరైనా సరే, డాసే."

"చిట్టి అన్నట్టా?"

"అన్నట్టే." ఆయన తన అరచేతికేసి చూసుకుంటున్నారు. "గోళ్ళు కూడా వచ్చాయి దానికి. ఇంతింత."

ఎంతున్నాయో చూపించబోయి వేళ్ళు ముడిచేశారు.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన తలెత్తి చూసిన చూపులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం ఉంది.

"మొదటి రోజే చెప్పాను కదే. అది పోయింది అని."

నేను బల్ల మీది కత్తి పక్కకి జరిపాను.

"నువ్వే ఒక్క ముక్క అడగలేదు," అన్నారు. "ఎలా ఉంది, ఎవరి పోలిక, ఏమీ అడగలేదు. ఆడపిల్లే కదా పోతే పోయిందనుకున్నావని..."

"నేనా?"

"మరి నేనేమనుకోవాలి?"

ఒకే మంచం మీద, ఏడాది పాటు, నేను ఆయన్ని రాయి అనుకున్నాను, ఆయన నన్ను రాయి అనుకున్నారు. ఆయన తన కూతురికోసం ఒక్కరే ఏడ్చారు. నేను ఉందో లేదో తెలియనిదానికోసం ఏడ్చాను. ఆ ఏడుపులు ఇప్పుడు ఎలా కలపాలో నాకు తెలియలేదు. దగ్గరకి వెళ్ళి ఆయన తల పట్టుకోవాలనిపించింది. వెళ్ళలేకపోయాను.

"ఎవరి పోలిక?" అని అడిగాను.

ఆయన చెప్పబోయి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆయన చెప్పేదాకా నేను ఎదుటి కుర్చీలోంచి లేవలేదు.