వసుంధర ఇంకా మెట్ల మీదే ఉంది

మంగళవారం నుంచి మా ఇంట్లో ఎవరైనా ముఖ్యమైన మాట అంటే, గదిలో ఉన్నవాళ్లందరి మొహాలూ మూడేసిసార్లు కనిపిస్తున్నాయి. ముందు మాట అన్నవాళ్లది, తర్వాత విన్నవాళ్లవి, మనుషులు చాలకపోతే ఫ్రిజ్‌ది. ఒక్కో మొహానికీ కిటికీ అవతల ఒక ఉరుము ఉరుముతుంది. వాన మాత్రం రాదు, కాబట్టి దండెం మీది బట్టలు తియ్యక్కర్లేదు.

మొదట కనిపించేది డాక్టర్ హిమబిందు గారి మొహం. ఆవిడ మాణిక్యం అత్త గుండె మీంచి స్టెతస్కోపు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంటుంది.

"గుండె బాగా అలిసిపోయిందండీ. ఇంక నెలలు కాదు, రోజులే అనుకోండి."

ఉరుముతుంది. డాక్టరు గారి మొహం దూరంగా, దగ్గరగా, ఆ తర్వాత ఒక్క బొట్టు మాత్రమే. అత్త మొహం వస్తుంది. నా మొహం వస్తుంది. నేను "ఊఁ" అంటాను.

"ఇదింకా ఎంతసేపండీ? క్లినిక్‌లో పేషెంట్లు కూర్చున్నారు" అంటుంది డాక్టరు.

"ఒక్కటే ఉందమ్మా, అయిపోనియ్. మధ్యలో లేచెళ్తే మళ్లీ మొదటికొస్తాది" అంటుంది అత్త మంచం మీంచి. "సీరియల్ జబ్బిది. చూసీ చూసీ మన కొంపకి అంటుకుంది."

మాణిక్యం అత్త మా నాన్న చెల్లెలు. తాడేపల్లిగూడెం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. నేను ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుడతాను, పికో చేస్తాను. ఇద్దరం పెళ్లి జోలికి వెళ్లలేదు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో 'దీపాల వాకిలి' చూస్తాం. అది అవగానే ఫోన్‌ని మరచెంబుకి ఆనించి, లైవ్ పెట్టి, ఆ రోజు ఎపిసోడ్‌ని ఏకిపారేస్తాం. చీరలూ నగలూ నా వంతు, మాటలు అత్త వంతు. అది వినడానికే నిద్ర మానుకుని కూర్చునే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు.

"పక్క మీంచి లేచిన మనిషి కంచిపట్టు చీర మడత నలక్కుండా లేచిందంటే, తెల్లార్లూ ఆ కుచ్చిళ్లు పట్టుకుని ఎవరు కూర్చున్నట్టండీ?" అని నేనంటాను.

"చావు కబురు విన్నవాళ్లెవరూ 'లేదూ' అని అరవరమ్మా" అని అత్త అందుకుంటుంది. "ఎంతమందికి లైను కలిపానో నాకు తెలుసు. ముందు 'ఊఁ' అంటారు. ఆ తర్వాత, 'ఎవరూ మాట్లాడేది?' అని మళ్లీ అడుగుతారు."

అయితే మా ఇద్దరికీ అన్నిటికన్నా పెద్ద కోపం సాగదీత మీద. ఆ ఇంటి పెద్ద కోడలు వసుంధర, మొగుడికి కాఫీ ఇద్దామని కప్పు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. అప్పుడు మామిడిపళ్ల రోజులు. ఇప్పుడు సీతాఫలాలు వచ్చాయి. వసుంధర ఇంకా మెట్ల మీదే ఉంది.

"పిల్ల మోకాళ్లు అరిగిపోతున్నాయిరా నాయనా, ఎవరో ఒకరు ఆ కప్పు అందుకోండి!" అని అత్త రోజూ ఫోన్‌లోకి కేకలేస్తుంది.

డాక్టరు వెళ్లాక పాలు పొయ్యి మీద పెడతాను. అవి పొంగడానికి రెండు రోజులు పడుతుంది. కిటికీ చువ్వ మీద పడిన ఎండ అక్కడే ఉంటుంది. వీధిలో ఆటోవాడు కొట్టిన హారను, మేం అన్నం తిని, కంచాలు కడిగి, తుడిచి, బోర్లించేదాకా వినిపిస్తూనే ఉంటుంది. నాకు మెల్లిగా అర్థమవుతుంది. రోజులే అంది డాక్టరు. రోజు గడవకపోతే?

ఆ మధ్యాహ్నం ఫోన్ ముందు కూర్చుని, "ఇవాళ వసుంధర ఒక్క మెట్టు కూడా ఎక్కలేదండీ. ఎంతో బాగుంది. ఇలాగే ఉండాలి" అంటాను.

వినేవాళ్లు కంగారు పడతారు. శేషు గారికి ఒంట్లో బాగోలేదా అని కింద రాస్తారు. అత్త మొహం గోడ వైపు తిప్పుకుంటుంది. పూర్తిగా తిరగడానికి చాలాసేపు పడుతుంది. నేను మంచం పట్టె మీద కూర్చుని చూస్తూ ఉంటాను.

"నా ఎదురుగా అబద్ధం చెప్పకే శేషూ" అంటుంది గోడతో. "వాళ్లనంటే అన్నాం గాని, ఏ రోజైనా లేనిది అన్నామా? బాగోలేందాన్ని బాగుందంటే, రేపు నిజంగా బాగున్నప్పుడు ఏమంటావ్?"

జ్వరం లేని అత్త నుదుటి మీద చెయ్యివేసి చూస్తాను.

మర్నాడు టీవీలో, వసుంధర కాళ్ల కింద, ఎర్రటి అక్షరాలు కదులుతాయి. ఇక క్లైమాక్స్ వారం, అని. అత్త చప్పట్లు కొడుతుంది. వీధిలో హారను ఆగిపోతుంది. చువ్వ మీది ఎండ జానెడు పక్కకి జరుగుతుంది. రోజు మళ్లీ గడుస్తోంది. ఇక లాభం లేదు, వెళ్లి ఆ సీరియల్ వాళ్లనే అడగాల్సిందే.

ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులోంచి వెళ్తే దీపాల వాకిలి హాలు వస్తుంది. ఎప్పుడూ పని పడలేదు గాని, దారి మాకు తెలుసు. పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి నడుస్తాను. చీపురు ఒకటి అడ్డంగా ఉంటే తీసి నిలబెడతాను.

హాల్లో స్తంభాలు గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. ఇంతింత దీపాల కింద, సోఫా మీద, వసుంధర అత్తగారు భైరవీదేవి కాలి మీద కాలు వేసుకుని తన పాదం తనే పిసుక్కుంటోంది. కోడలి పాయసంలో విషం కలిపింది ఈవిడే. కవల పిల్లల్ని మార్చిందీ ఈవిడే.

"రామ్మా శేషూ" అంటుంది. "మంచి వేళకొచ్చావ్. ఫాల్ ఊడింది, చూడు."

నా జాకెట్టుకి సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. కింద కూర్చుని ఆవిడ చీర అంచు ఒళ్లోకి తీసుకుంటాను.

"మీ కబుర్లు మేం రోజూ వింటాం" అంటుంది. "మా గురించి మాకెవరు చెప్తారు ఇక్కడ? నా నవ్వు నవ్వులా లేదు, కొబ్బరి కోరుతున్నట్టుందన్నారు చూడు మీ అత్తగారు. ఆ రోజు చాలా ఏడ్చాను. అప్పట్నుంచి, ఎవరూ లేనప్పుడు వేరేగా నవ్వుతున్నాను."

నవ్వి చూపిస్తుంది. చిన్న నవ్వు. గౌను జేబులో రేగుపళ్లు దాచుకున్న పిల్ల నవ్వులా ఉంటుంది.

"ఆపెయ్యకండి" అంటాను తల ఎత్తకుండా. "క్లైమాక్స్ వద్దు. మీరు సాగదీయగలరు కదా."

"ఎంతైనా సాగదీస్తాం. గ్లాసుడు మంచినీళ్లు తాగడానికి మాకు దసరా నుంచి దీపావళి దాకా పట్టింది. నువ్వడిగితే కాదంటామా?" దారం తెంపడానికి అంచు నా నోటి దగ్గరికి తెస్తుంది. "కాని ముందు అలా వెళ్లి, ఆ పిల్లని ఒకసారి పలకరించిరా."

మెట్ల మధ్యలో వసుంధర నిలబడి ఉంది. ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు గాలిలో. టీవీలో కనిపించదు గాని, ఆ గాలిలో ఉన్న కాలు వణుకుతోంది.

"అక్కా, ఒక్కసారి పట్టుకుంటావా?"

కప్పు అందుకుంటాను. నిండు బిందె ఎత్తినట్టు నడుం కలుక్కుమంటుంది. కాఫీ మీద మీగడ మందంగా కట్టి, దాని మీద దుమ్ము పడి ఉంది.

"ఇంత బరువేంటమ్మా?"

"దించే చోటు లేదుగా అక్కా. దించే చోటు లేకపోతే ఏ కప్పయినా ఇంతే ఉంటాది." వేళ్లు ఒక్కొక్కటే విరుచుకుంటుంది. చెంప గీరుకుంటుంది. కొంగుతో మెడ తుడుచుకుంటుంది. ఇలాంటివి చెయ్యడం ఆ మనిషికి ఎంత సుఖంగా ఉందో! "ఆయన తాగినా తాగకపోయినా నాకు బాధ లేదు. ఎక్కడన్నా కాసేపు కూర్చోవాలనుంది, అంతే."

ఆ తర్వాత రెండు చేతులూ చాస్తుంది. కప్పు తిరిగి ఇస్తాను. ఈ రోజుల్లో నేను చేసిన పనులన్నిటిలో అదే కష్టంగా ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి అత్త కుడిచెయ్యి గాలిలో ఉంది. మొహానికి బెత్తెడు దూరంలో ఆగిపోయి ఉంది.

"ఏంటత్తా ఇది?"

"ముక్కు దురదే. నువ్వటు వెళ్లావు, నేను చెయ్యెత్తాను. అప్పట్నుంచీ ఎత్తుతూనే ఉన్నాను." కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. "నువ్వేనా ఈ పని చేసింది?"

"ఊరికే అడగడానికి వెళ్లాను."

"దించవే నా చెయ్యి."

రెండు చేతులతో పట్టుకుని దాన్ని ముక్కు దాకా తోస్తాను. అదీ ఆ కప్పంత బరువుంటుంది. అత్త తృప్తిగా గీరుకుని, పెద్ద ఊపిరి వదుల్తుంది. నేను పక్కన కూర్చుంటాను.

"పైఊళ్లకి చేసే ట్రంకు కాలు మూడు నిమిషాలయ్యేసరికి లైన్లోకెళ్లి అడిగేదాన్ని" అంటుంది. "ఎక్స్‌టెండ్ చెయ్యమంటారా అని. కొందరు చెయ్యమనేవారు. పెంచుకున్నాక ఏం మాట్లాడేవారనుకున్నావ్? 'ఇంకేంటి', 'ఇంకేముంది', 'నువ్వే చెప్పాలి'. అంతే. వద్దన్నవాళ్లు మాత్రం, ఉన్న ఆ కాసేపట్లో అసలు సంగతి గబుక్కున చెప్పేసేవాళ్లు. వినకూడదనుకుంటూనే ఎన్నిసార్లు విన్నానో! చెవులకి కమ్మగా ఉండేదే."

"నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకేం తోచదు అత్తా."

ఉరుముతుంది. మొహాలు తిరుగుతాయి. అత్త ఓపిగ్గా అవి అయ్యేదాకా ఆగుతుంది.

"అది తెలిసిందే. తెలియంది చెప్పు."

ఆలోచిస్తాను. "నీ పులిహోరలో ఇంగువ ఎక్కువ. చిన్నప్పట్నుంచీ."

"ఓసినీ! మరి కంచం నాకేసేదానివి కదే?"

"నువ్వు చూస్తుంటావని."

అత్త నవ్వుతుంది. దగ్గుతుంది, మళ్లీ నవ్వుతుంది. నా చెంప మీద చెయ్యి వేసి, ముఖం దగ్గరికి లాక్కుని, "నాకూ ఇంగువంటే పడదే. నీకిష్టమని వేసేదాన్ని" అంటుంది. ఇద్దరం చాలాసేపు అలాగే ఉంటాం. ఆ చాలాసేపు మాత్రం ఎవరూ సాగదీసింది కాదు.

చివరికి నేనే లేచి, ఫ్రిజ్ పక్క సందులోకి తలపెట్టి, "భైరవి గారూ, కానివ్వండి" అంటాను.

"సరేనమ్మా" అని లోపల్నుంచి వినిపిస్తుంది.

పాలు పొంగుతాయి. పరిగెత్తి దించుతాను.

ఆఖరి ఎపిసోడ్ రోజున దీపాల వాకిలి వాళ్లంతా మా ఇంటికే వస్తారు. సందులోంచి ఒక్కొక్కరే పక్కకి తిరిగి వస్తారు. నగలు తీసి చేటలో పోస్తారు. భైరవీదేవి గచ్చు మీద కూర్చుని స్తంభానికి బదులు మా బియ్యం డబ్బాకి ఆనుకుంటుంది. వసుంధర కుర్చీ అడుగుతుంది. వేస్తాను. కూర్చుని కళ్లు మూసుకుంటుంది. టీవీలో మాత్రం తను మెట్లన్నీ ఎక్కి, తలుపు తోసి, కప్పు మొగుడి చేతిలో పెడుతోంది. అతను ఒక గుక్క తాగుతాడు.

"చల్లారిపోయింది" అంటాడు.

"అవును" అంటుంది టీవీలో వసుంధర.

అంతే. పాట లేదు, ఉరుము లేదు. అతను మిగతాది కూడా తాగేస్తాడు. తాగి, పక్కకి జరిగి, ఆమెకి మంచం మీద చోటిస్తాడు.

అత్త మోచేతి మీద లేస్తుంది. నేను ఫోన్‌ని మరచెంబుకి ఆనిస్తాను.

"ఇదమ్మా మాటంటే" అంటుంది అత్త అందులోకి. గొంతు సన్నగా ఉన్నా ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. "ఇన్నేళ్లూ ఎన్నో అన్నాను. ఇవాళ అనడానికేం లేదు. ఎవరు రాశారో గాని, వాళ్ల చెయ్యి చల్లగుండాలి." నా వైపు తిరుగుతుంది. "చీర సంగతి చెప్పు శేషూ."

"నేత చీర కట్టుకుంది" అంటాను. "కుచ్చిళ్లు నలిగి ఉన్నాయి. చెమటకి కొంగు మెడకి అంటుకుంది. అన్ని మెట్లెక్కిన మనిషి చీర ఎలా ఉంటుందో అలాగే ఉంది."

అత్త నిజమేనన్నట్టు తల ఊపుతుంది. ఊపిన తల మెల్లిగా దిండు మీదకి వచ్చి ఆగుతుంది. ఎంతసేపు పట్టాలో అంతే పడుతుంది.

భైరవీదేవి లేచి, అరిచేత్తో అత్త కనురెప్పలు మూస్తుంది. గుండెలు బాదుకోవడం వాళ్లకి అలవాటే. ఇవాళ ఎవరూ బాదుకోరు. వసుంధర కుర్చీలోంచి వచ్చి నా వెనక కూర్చుని, ఊడిన నా జడ మళ్లీ మొదట్నుంచి అల్లుతుంది.

వీధి తలుపు ఎవరో తడతారు. వెళ్లి తీస్తాను.

సముద్రం వచ్చి ఉంది. నరసాపురం నుంచి నడిచొచ్చినట్టుంది, అంచంతా వరిచేల బురద. వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నిండిపోయి, మా గుమ్మం ముందు మాత్రం మర్యాదగా కొంచెం వెనక్కి నిలబడింది.

"ఆలస్యమైపోయిందండీ" అంటుంది ఆయాసపడుతూ. "రోజూ మీ కబుర్లు వింటాను. మా వైపు కరెంటు పోయింది, ఇవాళ్టిది చూడ్డం పడలేదు. మాణిక్యం గారు ఏమన్నారు?"

"లోపలికి రండి."

"వద్దులెండి, ఒళ్లంతా తడి. ఇక్కడే కూర్చుంటాను."

సముద్రం మెట్ల మీద కూర్చుంటుంది. దాని వెనకే వచ్చిన ఓడలు లంగర్లని చెప్పుల్లా మురుగు కాలవ పక్కన విడిచి, రోడ్డు మీద సర్దుకుంటాయి. నేను గడప మీద కూర్చుని మొదట్నుంచి చెబుతాను. నా మాటలు నా గొంతుతో వస్తాయి, అత్త మాటలు అత్త గొంతుతోనే వస్తాయి. సముద్రం అలలు ఒళ్లోకి తీసుకుని వింటుంది. చీర సంగతికి వచ్చేసరికి, పుట్టినప్పట్నుంచి రెప్పలే లేని చేపలు దాని లోపల ఒక్కొక్కటే కళ్లు మూసుకుంటాయి.