పలకని తగరం

పెళ్లై ఇరవై మూడు రోజులు. అప్పటికి నాకు ఆ ఇంట్లో అన్నీ ముద్దొచ్చేవి. ములకలపల్లి బజారులో మా మామగారి కళాయి దుకాణం, దాని వెనకే ఇల్లు. పొద్దున్నే బొగ్గుల వాసన, వేడి గిన్నెలో నవసారం చల్లగానే తెల్లగా లేచే పొగ, కరిగిన తగరాన్ని దూదితో ఒక్క రుద్దు రుద్దగానే రాగి గిన్నె లోపలంతా అద్దమైపోవడం! బి.ఎస్సీలో పరీక్ష కోసం బట్టీపట్టిన అమోనియం క్లోరైడ్ మా వంటింటి గోడ అవతలే ఉంటుందని ముందే తెలిస్తే ఈ సంబంధానికి ఇంకా తొందరగా తలూపేదాన్ని. ఆ మాటే మా ఆయన అర్షద్‌తో అన్నాను.

"అంటే నన్ను జూసి కాదన్నట్టు. నవసారాన్ని జూసి చేసుకున్నవ్," అన్నాడు.

మామగారి పేరు అహ్మద్ పాషా. నలభై ఏళ్లుగా ఇదే పని. కొత్త తగరం కడ్డీ వచ్చినప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి చూస్తారు. అసలు తగరమైతే వంచగానే చిటచిటమంటుంది. దాన్నే "పలికింది" అంటారు. పది రోజుల కిందట కొత్త వ్యాపారి దగ్గర తెచ్చిన కడ్డీని కూడా అలాగే వంచారు. కాసేపు అలాగే నిలబడి, "ఠీక్" అని పక్కన పెట్టారు.

ఆ కడ్డీతో మొదట పూసింది మా ఇంటి చట్నీ గిన్నెకే. ఆ ఇరవై మూడో రోజు పొద్దున దాన్ని తుడుస్తుంటే తెల్ల గుడ్డంతా నల్లబడింది.

"కొత్త కళాయి రెండు దినాలు నలుపు ఇడుస్తది బేటీ," అంది అత్తమ్మ అమీరున్నీసా. "మీ బోనకల్‌ల పుట్టింట్ల స్టీలు గిన్నెలే తోమినట్టున్నవ్."

"పది దినాలైంది గదా అమ్మీ?"

ఆమె నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. దుకాణంలోకి వెళ్లి కడ్డీ ముక్క తీసి తెల్ల కాగితం మీద గీశాను. పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీత పడింది. పాత డబ్బాలో అడుగున మిగిలిన తగరం ముక్కతో గీస్తే ఏమీ పడలేదు.

సీసం రాస్తుంది. తగరం రాయదు.

ముందురోజే మా పాత గిరాకీ బొజ్జయ్య, ఆ కడ్డీతోనే పూసిన మూడు పెద్ద రాగి వంట గంజులు ఆటోలో వేసుకుపోయాడు. వాగు అవతల అడవిలో వాళ్ల గూడెం. ఈ రోజు వాళ్లకు కొత్తల పండుగ. కొత్త బియ్యం, కొత్త చిక్కుడుకాయ అప్పటిదాకా ఎవరూ ముట్టరు. మధ్యాహ్నం ఊరంతా కలిసి తింటారు, పిల్లలు ముందు. చిక్కుడుకాయల్లోకి చింతపండు పులుసు పోస్తారు. ఆ పులుపు పూతలోని సీసాన్ని లాగి కూరలో కలుపుతుంది. ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు.

అర్షద్‌కు కాగితం చూపించాను.

"గీత పడ్డదని అబ్బాకు ఎట్ల చెప్త మెహర్? నలభై ఏండ్ల చెయ్యి ఆయనది."

"గట్లయితే నాకు సామాను తెచ్చియ్యండి. పొటాషియం అయొడైడ్, రెండు గాజు గొట్టాలు, వడపోసే కాగితాలు. జల్దీ."

బళ్లో తనకు కెమిస్ట్రీ చెప్పిన ప్రభాకర్ సారు ఇంటికి బండి మీద పోయి అన్నీ తెచ్చాడు. నైట్రిక్ ఆసిడ్ పక్క కంసాలి ఇచ్చాడు. ఒక గొట్టంలో కొత్త కడ్డీ గీకుడు, రెండోదానిలో పాత తగరం గీకుడు వేసి ఆసిడ్ పోశాను. తగరం తెల్లటి పిండై అడుగున మిగులుతుంది. సీసం ఉంటే నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు వడకట్టి అయొడైడ్ చుక్కలు వేస్తే పసుపు రావాలి. పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన పసుపు.

పసుపు రాలేదు. రెండు గొట్టాలూ టీ డికాక్షన్‌లా గోధుమరంగైపోయాయి.

గడియారం పది దాటింది. నేను పొరబడ్డానా? కొత్త కోడలు వచ్చి మామగారి పని చెడ్డదందని బజారంతా అనుకుంటుంది. అంతకంటే ఘోరం, నేను పొరబడకపోతే? రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతది కూడా గోధుమరంగైందంటే ఇది సీసం పని కాదు. ఆసిడ్ ఎక్కువై అయొడిన్‌ను విడగొట్టింది. అంతే. మళ్లీ చేశాను. ఈసారి వడకట్టిన నీళ్లలో వంటసోడా చిటికెడు చిటికెడుగా వేసి, పొంగు తగ్గేదాకా ఆగి, అప్పుడు చుక్క వేశాను.

పాతది తేటగా ఉండిపోయింది. కొత్తదానిలో బంతిపువ్వు రేకు లాంటి పసుపు!

చప్పట్లు కొట్టేశాను. మరుక్షణం సిగ్గేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అర్షద్ చెప్పిందంతా విన్నారు. గొట్టం వెలుతురుకు పెట్టి చూశారు.

"రంగునీళ్లు జూసి నా పని జెప్తున్నవా బేటీ?" కోపంగా అనలేదు. అడిగినట్టే అన్నారు. ఆయన చెప్పులు తొడుక్కున్నారు. "పోదాం పాండ్రి."

ముగ్గురం ఒక్క బండి మీద. అర్షద్ ముందు, మామగారు మధ్యలో, గొట్టాన్ని కొంగులో చుట్టుకుని నేను వెనక. వేరే రోజైతే ఇప్పచెట్లూ ఎర్రమట్టీ చూసి మురిసిపోయేదాన్ని. వాగులో బండి జారినప్పుడు గొట్టం పగిలిందేమోనని కొంగు విప్పి చూసుకున్నాను.

గూడెం చేరేసరికి అన్నం వండి ఆకులు కప్పారు. రెండో గంజులో పులుసు కుతకుత ఉడుకుతోంది. బొజ్జయ్య తల్లి జంపక్క గరిటె పట్టుకుని నిలబడింది. పండుగ వంట ఆమె చేతి మీదే.

"జంపక్కా, ఆపుండ్రి! గంజు పూతల సీసం ఉన్నది. పిల్లలకు విషం అది," అన్నాను ఆయాసపడుతూ.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఎవలే గీ పిల్ల?"

"నా కోడలు," అన్నారు మామగారు.

నమ్మించాలని గొట్టాన్ని పొయ్యి సెగకు పట్టాను. వేడికి పసుపు కరిగి నీళ్లు తేటపడ్డాయి. చెంబులో చన్నీళ్లలో ముంచాను. గొట్టం నిండా బంగారు రేకులు మెరుస్తూ, తిరుగుతూ, మెల్లగా దిగాయి. పిల్లలు కేకలేస్తూ చుట్టూ మూగారు.

"బంగారం!" అన్నాడు బొజ్జయ్య. "పాషాబాయ్, ఇన్నేండ్లు తగరమని చెప్పి బంగారం పూసినవా? అడుగు గీకి అమ్ముకుందుమే!"

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇంత అందంగా ఉన్నదాన్ని విషమంటే ఎవరు నమ్ముతారు?

జంపక్క నవ్వలేదు. "పంట ఇంటికొచ్చిన కాడికెల్లి ఒక్క మెతుకు ముట్టలే. పిలగాండ్లు చిక్కుడుకాయ తెంపబోతే చేతుల మీద కొట్టినం. నువ్వు గోలీసీస జూపిస్తే పారబోయాల్నా?"

నా దగ్గర ఇంకో పరీక్ష లేదు. పులుసు ఉడుకుతూనే ఉంది. ఒక పిల్లాడు అప్పటికే ఆకు పరుచుకుని కూర్చున్నాడు.

"జంపక్కా," అన్నారు మామగారు. "నాకు ఇనబడ్తలేదు."

"ఏం ఇనబడ్తలేదు?"

"రంజాన్ సంది చెవులు మందమైనయ్. గీ కడ్డీ వంచిన. పలకలే. నా చెవే అనుకున్న. తగరాన్ని అనుమానించలే." ఆయన చేత్తో చెవి ముట్టుకున్నారు. "ఇంట్ల గూడ చెప్పలే. చెవి పోయిందంటే ఇగ నాకు గిన్నె ఎవలిస్తరు?"

అర్షద్ తల దించుకున్నాడు. పొద్దున నేను సలాం చెప్తే ఆయన ఒక్కోసారి బదులివ్వకపోవడం నాకు గుర్తొచ్చింది. నచ్చలేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ.

జంపక్క గరిటె పక్కన పెట్టింది.

"పొయ్యి ఆర్పుండ్రి."

"అమ్మా, కొత్త బియ్యం..." అన్నాడు బొజ్జయ్య.

"నేను చూసుకుంట గదరా. గుంత తవ్వు లోతుగ. కోళ్లు గెలకకుండ మీద ముండ్లకంప ఎయ్యి. దుర్గా, విత్తనానికి దాసిన వడ్లు తీయించు, దంచుదాం. మట్టికుండలు కడుగుండ్రి."

విత్తనాల వడ్లు. ఆ మాట విన్నాక నేను తల ఎత్తలేకపోయాను. ఆకు పరుచుకున్న పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు. అన్నం గుంతలో పడేటప్పుడు ఇంకా ఆవిరి వస్తోంది. ఆడవాళ్లు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు.

జంపక్క నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, రెండు మార్లు ఉప్పు జూసిన. నాకేమైతది?"

"రోజూ తింటే చేటు అత్తా. చుక్క నాలుక మీద పడితే అంత భయం లేదనుకుంటున్న. అయినా రేపు దవాఖానాకు పోదాం. రక్తం చూపిద్దాం. నేను గూడ చూపించుకోవాలె."

"నువ్వెందుకు?"

"పది దినాల సంది మా ఇంట్ల చట్నీ గదే పూతల."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. బూడిద అంటిన, వేడి వేడి చెయ్యి. తర్వాత మామగారి చెవి దగ్గరికి వంగి ఊరంతా వినబడేలా అరిచింది: "ఇంక ఎవలెవలికి పూసినవ్?"

ఆయన కళ్లు మూసుకుని వేళ్లు మడిచారు. "రామక్క బగోనా. చెంచురామయ్య ఇంట్ల రెండు గిన్నెలు. వాగు దాటినంక మలుపు కాడ చిన్నక్కది పులుసు గంజు... ఆమె ఇంట్ల బాలింత ఉన్నది."

అర్షద్ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. ఈసారి మామగారు నా వైపు తిరిగి, "దారిల నాకేమన్న చెప్పాల్నంటే గట్టిగ చెప్పు బేటీ," అన్నారు. "అవ్ అబ్బా!" అని అరిచాను.

వాగు దాటి మలుపు తిరిగేసరికి చెట్ల మీదుగా సన్నగా పొగ లేస్తోంది. వంట పొగే. ఎవరి ఇంటిదో అక్కడి నుంచి తెలియలేదు. "ఇంకా జల్దీ," అన్నాను.